ఇంజిన్ విప్పిన చేతులు: ఎమీ జాన్సన్ జీవితం

బి.ఏ. పాసైంది. లండన్‌లో ఒక లాయరు ఆఫీసులో సెక్రటరీ ఉద్యోగం. పొద్దున వెళ్లి ఉత్తరాలు టైపు చేయడం, సాయంత్రం అద్దె గదికి తిరిగి రావడం. సొంత ఊళ్లో అమ్మానాన్నలకు పెద్దకూతురి గురించి బెంగ. ఇంతవరకు వింటే మన సీనియర్ అక్కల్లో ఎవరి కథో అనిపిస్తుంది కదా. కానీ ఈ అమ్మాయి మొదటి విమానపాఠం నేర్చుకున్న రెండేళ్లలోపే ఒక చిన్న విమానంలో, ఒంటరిగా, ఇంగ్లండ్ నుంచి ఆస్ట్రేలియా చేరుకుంది. ఆమె పేరు ఎమీ జాన్సన్.

ఎమీ గురించి ఎవరు చెప్పినా ముందు ధైర్యం గురించే చెబుతారు. ధైర్యం ఉంది, కాదనలేం. కానీ ఆమె జీవితం చదువుతుంటే నాకు ఎక్కువగా నచ్చింది ధైర్యం కాదు. ఆకాశంలోకి వెళ్లకముందు ఆమె నేల మీద చేసిన పని. ఈ వ్యాసం ముఖ్యంగా దాని గురించే.

చేపల వ్యాపారి కూతురు

ఎమీ 1903 జులై 1న ఇంగ్లండ్ తూర్పు తీరంలోని హల్ అనే రేవు పట్నంలో పుట్టింది. తండ్రి చేపల వ్యాపారి. నలుగురు ఆడపిల్లల్లో ఎమీ పెద్దది. షెఫీల్డ్ యూనివర్సిటీలో ఆర్థికశాస్త్రంతో బి.ఏ. చదివింది. ఆ రోజుల్లో ఆడపిల్ల డిగ్రీ చదవడమే గొప్ప. చదివాక మాత్రం ఆమె ముందున్న దారులు అవే: టీచరు, టైపిస్టు, లేదా పెళ్లి. ఎమీ టైపు నేర్చుకుని లండన్ చేరింది.

1928లో ఆమె లండన్ శివార్లలోని స్టాగ్ లేన్ అనే విమానాశ్రయానికి వెళ్లింది. అక్కడ లండన్ ఏరోప్లేన్ క్లబ్ ఉండేది. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక మామూలు జనానికి కూడా విమానం నడపడం నేర్పాలని బ్రిటిష్ ప్రభుత్వం ఇలాంటి క్లబ్బులకు కొంత డబ్బు సాయం చేసేది. అందువల్ల ఫీజు కాస్త తగ్గింది కానీ, ఆఫీసు జీతం మీద బతికే అమ్మాయికి అది ఇంకా భారమే. ఎమీ లెక్కలు వేసుకుంది, వేరే ఖర్చులు తగ్గించుకుంది, చేరిపోయింది.

మొదటి పాఠం 1928 సెప్టెంబరులో. అది బాగా సాగలేదు. పెట్టుకున్న హెల్మెట్ తలకు వదులై, శిక్షకుడు చెప్పేది సరిగ్గా వినిపించలేదని, ఈమెకు ఇది రాదని ఆయన తేల్చేశాడని చెబుతారు. నిజానికి ఎమీ పుట్టుకతోనే చేయి తిరిగిన పైలట్ కాదు. ముఖ్యంగా విమానాన్ని దించడం ఆమెకు చాలాకాలం కష్టంగానే ఉండేది. చాలామంది పది గంటల శిక్షణతోనే ఒంటరిగా ఎగిరేవారు. ఎమీకి దాదాపు 16 గంటలు పట్టింది. 1929 జూన్‌లో మొదటిసారి ఒంటరిగా ఎగిరింది. జులైలో పైలట్ 'ఏ' లైసెన్సు చేతికొచ్చింది. అంటే సరదాకు, సొంత అవసరానికి విమానం నడపడానికి ఇచ్చే అనుమతి.

హ్యాంగర్‌లో చదువు

చాలామంది అక్కడితో ఆగిపోయేవారు. లైసెన్సు వచ్చింది, ఆదివారం వస్తే ఎగురుతారు, విమానం సంగతి మెకానిక్ చూసుకుంటాడు. ఎమీ మాత్రం హ్యాంగర్ లోపలికి వెళ్లింది. హ్యాంగర్ అంటే విమానాలు నిలిపి, బాగుచేసే పెద్ద షెడ్డు. అక్కడ పనిచేసేవాళ్లంతా మగవాళ్లే. క్లబ్బులో ముఖ్య మెకానిక్ జాక్ హంఫ్రీస్. ఆయన దగ్గర ఎమీ పని నేర్చుకుంటానంది. ఆఫీసుకు ముందు, ఆఫీసు అయ్యాక అక్కడే. నూనె మరకల ఓవరాల్ వేసుకుని, స్పానర్ పట్టుకుని, ఇంజిన్ విప్పి, కడిగి, మళ్లీ బిగించడం. అక్కడివాళ్లు ఆమెను మగపిల్లాడి పేరులా 'జానీ' అని పిలిచేవారు.

కొంతకాలానికి ఉద్యోగం మానేసి, తండ్రి పంపే డబ్బుతో పూర్తిగా ఈ పనిలోనే పడింది. 1929 చివరికి గ్రౌండ్ ఇంజనీర్ 'సి' లైసెన్సు సంపాదించింది. బ్రిటన్‌లో ఆ లైసెన్సు పొందిన మొదటి మహిళ ఆమే.

ఈ లైసెన్సు ఎందుకంత ముఖ్యమో కాస్త చెప్పుకోవాలి. విమానం దారిలో ఆగిపోతే కారులాగా పక్కకు తీసి నిలపలేం. అందుకే ఎగిరేముందు ఇంజిన్‌ను ఎవరో ఒకరు పరీక్షించి, ఇది ఎగరడానికి పనికొస్తుందని బాధ్యతగా సంతకం చేయాలి. 'సి' లైసెన్సు అంటే ఆ సంతకం చేసే హక్కు. పైలట్‌కు విమానం నడపడం వస్తే చాలదు, ఇవాళ దీన్ని నడపకూడదు అని చెప్పడం కూడా రావాలి. ఎమీ ఆ రెండోది కూడా నేర్చుకుంది.

జేసన్

ఆస్ట్రేలియాకు ఒంటరిగా ఎగరాలన్న ఆలోచన ఎమీకి వచ్చేసరికి ఆమె అప్పటివరకు చేసిన అతి పెద్ద ప్రయాణం లండన్ నుంచి హల్ వరకే. ఎగిరిన మొత్తం సమయం వంద గంటలలోపే. సాయం కోసం ఎందరికో ఉత్తరాలు రాసింది. చివరికి నూనెల వ్యాపారి లార్డ్ వేక్‌ఫీల్డ్ సగం డబ్బు ఇవ్వడానికి ఒప్పుకున్నాడు, మిగతా సగం తండ్రి పెట్టాడు. మొత్తం 600 పౌండ్లతో వాడిన జిప్సీ మాత్ విమానం ఒకటి కొన్నారు. దానికి ముదురాకుపచ్చ రంగు, వెండి రంగు అక్షరాలు. తండ్రి చేపల వ్యాపారంలో వాడే ట్రేడ్‌మార్క్ పేరే దానికి పెట్టింది: జేసన్.

జిప్సీ మాత్ అంటే ఆ కాలంలో క్లబ్బుల్లో ఎక్కువగా కనిపించే తేలికపాటి విమానం. కర్ర చట్రం, దాని మీద బిగుతుగా లాగి కట్టిన గుడ్డ, ఒకదాని మీద ఒకటిగా రెండు జతల రెక్కలు. ఇంజిన్ బలం సుమారు 100 హార్స్‌పవర్. పైన కప్పు లేదు. గాలి, వాన, ఎండ అన్నీ ముఖానికే. రేడియో లేదు. వేగం గంటకు 130, 140 కిలోమీటర్లు, అంటే ఇప్పటి హైవే మీద కారు కంటే కాస్త ఎక్కువ.

ఎమీ దారి పొడవునా మ్యాపులు సేకరించింది. ఏ దేశం మీదుగా వెళ్లాలో ఆ దేశాల అనుమతులు తీసుకోవాలి. అదనపు పెట్రోలు ట్యాంకులు పెట్టించింది. వాటిలోంచి పై ట్యాంకులోకి పెట్రోలు ఎక్కించాలంటే గాలిలో ఉండగానే చేత్తో పంపు కొడుతూ ఉండాలి. ఒక అదనపు ప్రొపెల్లర్‌ను విమానం పక్కనే కట్టుకుంది. చూసినవాళ్లకు అది నవ్వులాటగా ఉండి ఉంటుంది. తరవాత అదే ఆమెను కాపాడింది.

పందొమ్మిదిన్నర రోజులు

1930 మే 5న లండన్ దగ్గరి క్రోయ్డన్ నుంచి బయలుదేరింది. వియన్నా, తరవాత కాన్‌స్టాంటినోపుల్, తరవాత అలెప్పో. టర్కీలోని టారస్ కొండల మధ్య మేఘాలు కమ్ముకుని, ఎదురుగా కొండగోడ కనిపించేసరికి చివరి క్షణంలో విమానం తిప్పుకుంది. అలెప్పో దాటాక ఎడారిలో ఇసుక తుఫాను. అప్పుడు ముందుకు వెళ్లడానికి మొండిపట్టు పట్టలేదు. ఎడారిలోనే దించేసింది. గాలికి విమానం కొట్టుకుపోకుండా, ఇంజిన్‌లోకి ఇసుక దూరకుండా కాపాడుకుంటూ తుఫాను తగ్గేదాకా కూర్చుంది. తరవాతే బాగ్దాద్ వెళ్లింది.

రోజూ దిగాక అలసటతో నిద్రపోవాలనిపిస్తుంది. కానీ దిగిన చోట ఆమెకు ఇంకో డ్యూటీ మొదలయ్యేది. ఆయిల్ మార్చడం, ప్లగ్గులు తీసి చూడడం, బోల్టులు వదులయ్యాయేమో తడిమి చూడడం, పెట్రోలు నింపించుకోవడం. అది అయ్యాక కొద్ది గంటల నిద్ర, తెల్లవారకముందే మళ్లీ ప్రయాణం. ఆరు రోజుల్లో కరాచీ చేరింది. అంతకు రెండేళ్ల ముందు ఇంగ్లండ్ నుంచి ఆస్ట్రేలియాకు ఒంటరిగా ఎగిరి రికార్డు పెట్టిన బెర్ట్ హింక్లర్ కంటే అప్పటికి రెండు రోజులు ముందుంది. అప్పటిదాకా పెద్దగా పట్టించుకోని పత్రికలన్నీ ఒక్కసారిగా ఆమె పేరు మొదటి పేజీకి ఎక్కించాయి.

ఇక్కడ మన దేశపు ముచ్చట ఒకటి చెప్పాలి. సరిగ్గా ఆ మే నెల మొదట్లోనే జె.ఆర్.డి. టాటా కూడా జిప్సీ మాత్‌లోనే కరాచీ నుంచి లండన్ వైపు బయలుదేరాడు. ఇండియా ఇంగ్లండ్ మధ్య ఒంటరిగా ఎగిరే మొదటి భారతీయుడికి ఆగాఖాన్ ప్రకటించిన బహుమతి కోసం ఆ పోటీ. ఎదురు దిశలో వస్తున్న కుర్రవాడు ఆస్పీ ఇంజనీర్ ఈజిప్టులో స్పార్క్ ప్లగ్ లేక చిక్కుకుపోయాడు. టాటా తన దగ్గర అదనంగా ఉన్న ప్లగ్ ఇచ్చేశాడు. పోటీలో ఆస్పీయే గెలిచాడు. చాలా ఏళ్ల తరవాత ఆయన భారత వైమానిక దళానికి అధిపతి కూడా అయ్యాడు. పోటీ పోటీయే, కానీ దారిలో చిక్కుకున్నవాడికి సాయం చేయడం ఆ చిన్న విమానాల లోకంలో రాయని నియమం. ఎమీకి కూడా ఆ నియమం దారంతా అండగా నిలిచింది.

కరాచీ నుంచి అలహాబాద్ చేరాలనుకుంది. పెట్రోలు చాలదని తెలిసి ఝాన్సీలో సైనికుల పరేడ్ మైదానంలో దిగింది. విమానం ఆగకుండా బ్యారక్‌ల దాకా వెళ్లి రెక్క దెబ్బతింది. అక్కడివాళ్లు దాన్ని సరిచేసి పంపారు. కలకత్తా దాటింది. రంగూన్ దగ్గర వానలో, గుర్రప్పందేల మైదానం అనుకుని ఇన్సేన్ అనే చోట ఒక టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్ ఆటస్థలంలో దించింది. ఆ మైదానం చిన్నది. జేసన్ పరుగెత్తి వెళ్లి గుంటలో పడింది. ప్రొపెల్లర్ విరిగింది, చక్రాల చట్రం వంగింది, రెక్క చిరిగింది.

రికార్డు అక్కడే పోయింది. కానీ ప్రయాణం పోలేదు. ఆ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు రాత్రింబవళ్లు కూర్చుని విరిగినవన్నీ కొత్తగా తయారుచేశారు. రెక్కకు వేయడానికి విమానపు గుడ్డ ఎక్కడిది? యుద్ధం ముగిశాక మిగిలిపోయిన విమానపు గుడ్డతో కుట్టించుకున్న చొక్కాలు ఆ ఊళ్లో కొందరి దగ్గర ఉన్నాయి. ఆ చొక్కాలు విప్పి రెక్కకు అతికించారు. పక్కన కట్టి తెచ్చుకున్న ప్రొపెల్లర్ ఇప్పుడు పనికొచ్చింది. మూడు రోజులకు జేసన్ మళ్లీ లేచింది.

జావాలో ఒక చెరకు తోట దగ్గర దిగినప్పుడు నాటిన వెదురు కర్రలు రెక్కల గుడ్డలో గుచ్చుకున్నాయి. ఈసారి గాయాలకు అంటించే ప్లాస్టర్‌తో కన్నాలు మూసింది. తైమూరు దీవిలో చీకటి పడుతుండగా అనుకున్న చోటు కనిపించక, చీమల పుట్టలున్న పొలంలో దిగింది. ఆ రాత్రి ఆమె జాడ లేదని లోకమంతా కంగారు పడింది. మర్నాడు ఆమె క్షేమంగా ఉన్న వార్త వచ్చింది. చివరికి 1930 మే 24న తైమూరు సముద్రం దాటి ఆస్ట్రేలియాలోని డార్విన్‌లో దిగింది. 11,000 మైళ్లు, అంటే సుమారు 18,000 కిలోమీటర్లు. 19 రోజులన్నర. హింక్లర్ రికార్డు అందలేదు కానీ, ఇంగ్లండ్ నుంచి ఆస్ట్రేలియాకు ఒంటరిగా ఎగిరిన మొదటి మహిళ అయింది. వయసు ఇంకా 27 నిండలేదు.

పేరు వచ్చాక

తరవాతి సంగతులు కథలో ఎక్కువగా చెప్పరు కానీ, చెప్పాలి. డార్విన్ చేరిన అయిదు రోజులకే, జనం నిండిన బ్రిస్బేన్ మైదానంలో దిగుతూ హద్దు దాటి జేసన్‌ను తలకిందులు చేసింది. దెబ్బలు పెద్దగా తగల్లేదు. ఎడారి, కొండలు, సముద్రం దాటిన మనిషికి మామూలు మైదానంలో ఇలా ఎందుకైంది? రోజుల తరబడి నిద్ర లేదు. అయినా సభలు, సన్మానాలు, ఊరేగింపులు ఆగలేదు. అలసిన పైలట్ కూడా పాడైన ఇంజిన్‌తో సమానమే. ఇంజిన్‌ను చూసుకున్నంత శ్రద్ధగా ఆమె తనను చూసుకోలేకపోయింది. ఎవరూ చూసుకోనివ్వలేదు కూడా. ఆ తరవాత ఆస్ట్రేలియాలో ఇతరులే ఆమెను విమానంలో తీసుకెళ్లారు.

గౌరవాలు చాలా వచ్చాయి. బ్రిటిష్ ప్రభుత్వం సి.బి.ఇ. బిరుదు ఇచ్చింది. ఒక పత్రిక 10,000 పౌండ్లు ఇచ్చింది. ఆస్ట్రేలియా ప్రభుత్వం తన పౌర పైలట్ లైసెన్సుల్లో 1వ నంబరుది ఆమెకిచ్చింది. 1931లో తనకు ఇంజిన్ పని నేర్పిన జాక్ హంఫ్రీస్‌నే వెంట తీసుకుని మాస్కో మీదుగా టోక్యో వరకు రికార్డు వేగంతో ఎగిరింది. గురువుకు ఇంతకంటే గొప్ప గురుదక్షిణ ఉండదేమో. 1932లో జిమ్ మాలిసన్ అనే పైలట్‌ను పెళ్లి చేసుకుంది. అదే ఏడాది దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌కు ఒంటరిగా ఎగిరి, భర్త పేరు మీద ఉన్న రికార్డునే దాటింది.

1933లో ఇద్దరూ కలిసి అట్లాంటిక్ దాటారు. న్యూయార్క్ ఇంకా కొద్ది దూరం ఉండగా పెట్రోలు అయిపోవచ్చి, రాత్రివేళ బ్రిడ్జ్‌పోర్ట్‌లో దింపబోయి విమానం కూలింది. ప్రాణాలు దక్కాయి. 1934లో ఇంగ్లండ్ ఆస్ట్రేలియా పోటీలో ఇద్దరూ పాల్గొన్నారు. రికార్డు వేగంతో కరాచీ చేరారు. ఆ తరవాత దారి తప్పి జబల్‌పూర్‌లో దిగారు. అక్కడ విమానాల పెట్రోలు లేదు. బస్సుల కంపెనీ దగ్గర దొరికిన మామూలు పెట్రోలు పోసుకుని లేచారు. ఇంజిన్ తట్టుకోలేక పాడైపోయింది. ఒక్క ఇంజిన్‌తో ఎలాగో అలహాబాద్ చేరి పోటీ నుంచి తప్పుకున్నారు. ఏ ఇంజిన్‌కు ఏ పెట్రోలు పోయాలో ఎమీకి తెలియక కాదు. పోటీ అనేది తెలిసినవాళ్లను కూడా తొందరపెడుతుంది. నిదానమే ప్రధానం అని మన పెద్దలు ఊరికే అనలేదు.

ఆ పెళ్లి నిలవలేదు, 1938లో విడాకులతో ముగిసింది. 1935 నుంచి 1937 వరకు ఎమీ మహిళా ఇంజనీర్ల సంఘానికి అధ్యక్షురాలిగా ఉంది. ఇంజిన్ లేని గ్లైడర్లు నడపడం మీద కూడా ఇష్టం పెంచుకుంది.

చివరి ప్రయాణం

రెండో ప్రపంచ యుద్ధం వచ్చాక 1940లో ఎయిర్ ట్రాన్స్‌పోర్ట్ ఆగ్జిలరీలో చేరింది. ఫ్యాక్టరీల నుంచి, ఒక స్థావరం నుంచి ఇంకో స్థావరానికి విమానాలు చేరవేయడం ఆ సంస్థ పని. వాళ్ల విమానాల్లో రేడియో ఉండేది కాదు. నేల కనిపించేలా ఎగరాలి, వాతావరణం బాగాలేకపోతే బయలుదేరకుండా ఆగే అధికారం పైలట్‌దే.

1941 జనవరి 5న బ్లాక్‌పూల్ నుంచి ఆక్స్‌ఫర్డ్ దగ్గరి స్థావరానికి ఒక విమానాన్ని తీసుకెళ్లడానికి బయలుదేరింది. ముందురాత్రి ఆ ఊళ్లోనే చెల్లెలి ఇంట్లో ఉంది. ఆ రోజు వాతావరణం బాగాలేదు. మామూలుగా అయితే చిన్న ప్రయాణమే. కానీ కొన్ని గంటల తరవాత ఆమె దారికి చాలా దూరంగా, థేమ్స్ నది సముద్రంలో కలిసే చోట, హెర్న్ బే దగ్గర మంచు కురుస్తున్న ఆకాశంలోంచి పారాచూట్‌తో దిగుతూ కనిపించింది. మేఘాల పైన చిక్కుకుని, నేల కనిపించక, పెట్రోలు అయిపోయి ఉంటుందని చాలామంది నమ్ముతారు. వేరే వాదనలూ ఉన్నాయి. దగ్గర్లో ఉన్న నౌకాదళ ఓడ కెప్టెన్ వాల్టర్ ఫ్లెచర్ ఆమెను కాపాడటానికి గడ్డకట్టే నీళ్లలోకి దూకాడు. ఆయన కూడా ఆ చలికి చనిపోయాడు. ఎమీ శరీరం దొరకలేదు. ఆమెకు 37 ఏళ్లు.

ఈ చివర చదివాక నాకు చాలాసేపు బాధగా ఉంది. అంత జాగ్రత్త నేర్చుకున్న మనిషి ఆ రోజు ఎందుకు ఆగలేదు? యుద్ధం, డ్యూటీ, ఇంకొక్క విమానం చేర్చేస్తే అయిపోతుందన్న ఆలోచన, ఏదైనా కావచ్చు. తప్పు పట్టే అర్హత మనకు లేదు. కానీ ఎడారిలో తుఫాను తగ్గేదాకా విమానం పక్కన కూర్చున్న అమ్మాయినే నేను ఎక్కువగా గుర్తుపెట్టుకోవాలనుకుంటున్నాను. ఎగరడం ఎంత గొప్పో, ఆగడం కూడా అంతే గొప్ప.

ఎమీ వెళ్లిన ఆరేళ్లకు, 1936లో లాహోర్‌లో 21 ఏళ్ల సరళా ఠక్రాల్ చీరలోనే జిప్సీ మాత్ ఎక్కి ఒంటరిగా ఎగిరింది. పైలట్ లైసెన్సు పొందిన తొలి భారతీయ మహిళల్లో ఆమె ఒకరు. అప్పటికే ఆమె ఒక బిడ్డకు తల్లి.

ఇక మన సంగతి. బెంగళూరులో జక్కూరు వైపు వెళితే ఇప్పటికీ చిన్న విమానాలు తిరుగుతూ కనిపిస్తాయి. ఆర్ట్స్ చదివేవాళ్లకు అది మన లోకం కాదనిపిస్తుంది. కానీ సరదాకు, సొంతానికి నడపడానికి ఇచ్చే ప్రైవేట్ పైలట్ లైసెన్సుకు మన దేశంలో పదో తరగతి పాసైతే చాలు. 17 ఏళ్లు నిండాలి, వైద్య పరీక్షలో నెగ్గాలి, వాతావరణం, దారి, నియమాల మీద పరీక్షలు రాయాలి, కనీసం 40 గంటలు ఎగరాలి. డబ్బు మాత్రం లక్షల్లో కావాలి, ఆ మాట దాచి లాభం లేదు. అయినా మన బి.ఏ. దానికి అడ్డం కాదు. ఎమీది కూడా బి.ఏ.నే.

ఆమె జేసన్ ఇప్పుడు లండన్ సైన్స్ మ్యూజియంలో ఉంది. ఎప్పుడైనా మనలో ఎవరైనా అటు వెళితే, ఆ ఆకుపచ్చ విమానాన్ని చూసి, రెక్కకు చొక్కాలు అతికించిన ఇన్సేన్ వాళ్లను కూడా ఒకసారి తలుచుకోండి.